పెద్దసారు పెండ్లిళ్లు

మా కోస్గి దిక్కు టీచర్లు రిటైరైతే చేసే పనులు నాలుగైదే. ఉన్న రెండెకరాల్లో కంది వేసుకుంటారు. ప్లాట్లు అమ్మిపెడతారు. బీమా పాలసీలు కట్టిస్తారు. లేదంటే హైదరాబాద్‌లో కొడుకింట్లో ఉండి మనుమణ్ని బడికి తీసుకెళ్లి తీసుకొస్తారు. పెద్దసారు మాత్రం పెండ్లిళ్లు చేయడం మొదలుపెట్టారు. పీటల పక్కన కూర్చుని, జీలకర్ర బెల్లం చేతికిచ్చి, పుస్తె కట్టించి, ఏడడుగులు నడిపించే పని.

ఆయన రిటైరైన నాటికి పదవీ విరమణ వయసు 58. దాన్ని 61కి పెంచింది 2021లో. ఒంట్లో సత్తువ ఉండగానే ఇంట్లో కూర్చోబెట్టారన్న దిగులు ఆయనకు కొన్నాళ్లు ఉండేది. మొదటి పెండ్లి చేసి వచ్చిన రాత్రితో ఆ దిగులు పోయిందని అమ్మగారు, అంటే సారు భార్య, నాతో చెప్పారు. నేను అదే మండలంలో ఆయన చేతికింద కొన్నేండ్లు పనిచేసినవాణ్ని. ఊళ్లో అందరికీ ఆయన పెద్దసారే, నాకూ అంతే.

ఆ మొదటి పెండ్లి ఆయన కోరి తలకెత్తుకున్నది కాదు. పాలమూరు నుంచి బొంబాయికి, పుణెకు వలస పోవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. దసరా, దీపావళి దాటాక గుంపు మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడతాడు, బస్సెక్కుతారు. ఉగాదికో, తొలకరికో మళ్లీ ఊరు చూస్తారు. అట్లా పుణెలో ఒకే బిల్డింగు మీద పనిచేసిన ఇద్దరు, రెండు వేరు కులాల పిల్లలు, ఒకనాడు వచ్చి సారు వాకిట్లో నిలబడ్డారు. పిల్లగాడికి అ ఆలు దిద్దించింది ఆయనే. ఇద్దరూ మేజర్లు. పెద్దలు ఒప్పుకోలేదు, అట్లని కొట్టడానికీ రాలేదు. మీ చావు మీరు చావండని ఊరుకున్నారు. ఇక పెండ్లి చేసే మనిషి కావాలి.

మా వైపు పెండ్లి చేసేవాళ్లకు కరువేం లేదు. పంతులుంటాడు. లింగాయతులకు జంగమయ్య ఉంటాడు. మాలవాళ్లకు మాలదాసరి, మిత్తలయ్యవారు ఉన్నారు. తండాలో వాళ్ల పెద్దమనుషులు వాళ్లకున్నారు. ప్రతి కులానికీ ఒకరున్నారు గనకనే రెండు కులాల నడుమ జరిగే పెండ్లికి ఎవరూ లేరు. ఇది నేను అంతకుముందు ఎన్నడూ ఆలోచించని సంగతి. సారు ఆ ఖాళీలోకి వెళ్లి కూర్చున్నారు. తనకు తెలిసిన పంతులును అడిగితే ఆ పెద్దాయన దాపరికం లేకుండా క్రమమంతా చెప్పాడట. పుస్తె కట్టించు, ఏడడుగులు వేయించు, మిగతాది వాళ్లకర్థమయ్యే మాటల్లో నువ్వే చెప్పుకో అన్నాడట.

ఇది తాను కనిపెట్టిన దారి కాదని సారు ప్రతి పెండ్లిలోనూ చెప్పేవారు. తెనాలి త్రిపురనేని రామస్వామి చౌదరి డబ్లిన్‌లో బారిస్టరీ చదివి వచ్చిన మనిషి. పెండ్లి తంతు పెండ్లి చేసుకునేవాళ్లకు తెలియాలని తెలుగులో ‘వివాహవిధి’ రాసి, తానే దగ్గరుండి పెండ్లిళ్లు జరిపించాడు. నాస్తికుడు గోరా తన పెద్ద కూతురు మనోరమను అర్జునరావు అనే దళిత యువకుడికి ఇవ్వదలచి గాంధీతో చెబితే, సేవాగ్రామ్‌లో చేద్దామని గాంధీ ఒప్పుకున్నాడు. దేవుని పేరు చెప్పే చోట సత్యం పేరు చెప్పుకోవడానికీ సరేనన్నాడు. 1948 జనవరి 30న ఆయన్ను చంపేశారు. అయినా పెండ్లి ఆగలేదు, ఆ మార్చి నెలలో సేవాగ్రామ్‌లోనే జరిగింది. ఈ ముచ్చట చెప్పేటప్పుడు సారు గొంతు పూడుకుపోయేది. పందిట్లో కూలినాలి చేసుకునే జనం, చంటిపిల్లల తల్లులు, వంటకాడి పొయ్యి ఊదే ముసలివాళ్లు కూడా నిశ్శబ్దంగా వినేవాళ్లు.

పాఠం చెప్పే మనిషి కదా, చట్టం కూడా పాఠంలాగే చదివారు. తమిళనాడులో ఆత్మగౌరవ పెండ్లిళ్లకు 1967లోనే చట్టం గుర్తింపు ఇచ్చింది. దండలు మార్చుకున్నా, ఉంగరం తొడిగినా అక్కడ పెండ్లే. మన దగ్గర ఆ సవరణ లేదు. 1955 హిందూ వివాహ చట్టం ఏడో సెక్షను ప్రకారం ఇద్దరిలో ఒకరి ఆచారమైనా జరగాలి. సప్తపది ఉన్న ఆచారమైతే ఏడో అడుగు పడ్డాకే పెండ్లి పూర్తయినట్టు. తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకుంటే పెండ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఆ పేపరు ముక్క కత్తిరించి సంచిలో పెట్టుకున్నారు. తంతులేవీ వద్దనే జంటలను 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు దగ్గరికి వెంటబెట్టుకుని పోయేవారు. రేపు ఆస్తి దగ్గరో, పింఛను దగ్గరో ఆ ఆడపిల్లను ఎవడూ నీదేం పెండ్లి అనొద్దు, అదీ ఆయన పట్టుదల.

మెల్‌బోర్న్‌లో ఉద్యోగం చేసే పాత విద్యార్థి ఒకడు ఫోన్‌లో ఇంకో సంగతి చెప్పాడు. ఆస్ట్రేలియాలో ఈ పనికి సర్కారే మనుషులను నియమిస్తుంది. 1973లో అటార్నీ జనరల్ లయొనెల్ మర్ఫీ మొదలుపెట్టాడు. మొదటి నియామకం లోయిస్ డార్సీ అనే ఆమెది. సెలబ్రెంట్ అంటారు. ఉద్యోగాలు విరమించినవాళ్లు కూడా నేర్చుకుని చేస్తుంటారు. పెండ్లికి కనీసం నెల ముందు నోటీసు ఇవ్వాలి. పుట్టిన తేదీ రుజువును సెలబ్రెంట్ కళ్లారా చూడాలి. ఈ చివరి మాట సారుకు బాగా నచ్చింది. ఆ రోజు నుంచి ఆయనా నెల గడువు పెట్టారు. నెల ముందు కాగితాలు తెచ్చి చూపని పెండ్లికి రానని తెగేసి చెప్పేవారు.

ఆయన పెండ్లి చేసే తీరు ఒకసారి దగ్గర కూర్చుని చూడాల్సిందే. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మెడలో పసుపు కండువా. ముందు రోజు సాయంత్రమే అమ్మగారిని వెంటబెట్టుకుని పెండ్లికూతురు ఇంటికి వెళ్లేవారు. పిల్లను పెద్దవాళ్లకు మాట వినపడనంత దూరం, ఏ వేపచెట్టు కిందికో తీసుకెళ్లి, అమ్మగారిని పక్కన నిలబెట్టి, నీకిష్టమేనా బిడ్డా అని అడిగేవారు. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదిలేవారు కాదు. ఒక పిల్ల అరగంట ఏమీ మాట్లాడకుండా కాలి బొటనవేలితో మన్ను గీసిందట. ఆ పెండ్లి ఆగిపోయింది. వేసిన పందిరి విప్పుకోవాల్సి వచ్చి వాళ్లు తిట్టిన తిట్లు సారు తలవంచుకుని వినొచ్చారు. ఏడాది తిరక్కముందే ఆ పిల్ల నాన్నే తన చిన్న కూతురు సంబంధం గురించి సలహాకు వచ్చాడు.

పందిట్లో మైకు పట్టుకుని ఒక్కో తంతుకు ముందు మా యాసలోనే రెండు మాటలు. “జీలకర్ర, బెల్లం కలిసినంక మళ్ల ఏరలేం. ఏరేటట్టుంటే ఇప్పుడే చెప్పుండ్రి.” పుస్తె కట్టే ముందు పిల్లగాడితో మూడు మాటలు పలికించేవారు. చెయ్యి చేసుకోను, దాపరికం పెట్టను, నీ తల్లిదండ్రులను నా తల్లిదండ్రుల లెక్క చూస్త. ఇవే మూడు పిల్లతోనూ. చెయ్యి చేసుకోను అని పెండ్లికూతురు పలికినప్పుడు పందిరంతా నవ్వేది. సారు నవ్వనిచ్చి, ఆ తర్వాత పిల్లగాడితో ఆ మాట ఇంకోసారి, ఈసారి గట్టిగా పలికించేవారు.

డబ్బు అడిగేవారు కాదు, ఆకులో పెట్టి ఇచ్చింది తీసుకునేవారు. పింఛను వస్తున్నది కదా అనేవారు. కానీ ఒక పొడుగాటి నోటు బుక్కు ఉండేది. అందులో గీతలు కొట్టిన గడులు, పేర్లు, ఊర్లు, వయసు, చూసిన కాగితం, సాక్షుల సంతకాలు. మొదటి పేజీలో ఎర్ర సిరాతో 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం పదో సెక్షను రాసుకున్నారు. బాల్య వివాహం జరిపించినవాడికి రెండేండ్ల దాకా కఠిన కారాగారం, లక్ష రూపాయల దాకా జరిమానా. పిల్ల మైనరు కాదని నమ్మడానికి తనకు కారణం ఉందని రుజువు చేసుకోగలిగితేనే మినహాయింపు. పురోహితుడైనా, పెద్దమనిషైనా, సారైనా చట్టానికి ఒకటే.

ఆయన భయపడింది జైలుకు కాదు. ముప్పై ఏండ్లకు పైగా ఆడపిల్లలను బడికి రప్పించడమే పనిగా పెట్టుకున్న మనిషి. వలసపోయే తల్లిదండ్రులకు ఎదిగిన పిల్ల గుండెల మీద కుంపటి. వెంట తీసుకుపోలేరు. ముసలవ్వ దగ్గర వదిలిపోతే రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఎవడో ఒకడి చేతిలో పెట్టి బస్సెక్కితే నిమ్మళం. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టిన పిల్లలు పరీక్షకు మంగళసూత్రంతో రావడం ఆయన చూశారు, నేనూ చూశాను. అందుకే పద్దెనిమిది నిండని పిల్ల పెండ్లి అని తెలిస్తే ఆయన వెళ్లకపోవడమే కాదు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ కొట్టేవారు. అట్లా ఆగిన పెండ్లిళ్లలో ఒకటి మా దూరపు చుట్టాలది. ఇప్పటికీ వాళ్లు నాతో సరిగా మాట్లాడరు. ఆ పిల్ల ఇప్పుడు నర్సింగు చదువుతున్నది.

కాగితాల విషయంలో ఆయనది ఒకటే పట్టు. ఆధార్ ఒక్కటీ చాలదు, బడి టీసీ కావాలి. ఆధార్‌లో తేదీ క్యాంపులో కూర్చున్న పిల్లగాడెవడో కొట్టింది, బడి రిజిస్టరు అట్లా కాదు, ఒక టీచరు ఎదురుగా కూర్చోబెట్టుకుని రాసింది అనేవారు. ఆ మాటకొస్తే ఆయన బడిలో చదివినవాళ్లలో సగం మందికి జూన్‌లోనే పుట్టినరోజు. తల్లులకు తేదీలు ఎక్కడివి? జొన్న కోతలప్పుడు అనో, పీర్ల పండుగ ముందర అనో చెబితే, దాన్ని తేదీగా మార్చి రాసింది సారే. పుట్టిన సర్టిఫికెట్ లేదని పిల్లను బడిలో చేర్చుకోకపోవడానికి వీల్లేదని 2009 విద్యాహక్కు చట్టం వచ్చి చెప్పింది. సారు అంతకుముందు నుంచే అట్లా చేర్చుకునేవారు. పెండ్లి పీటల మీద పాత విద్యార్థి కనపడితే, నీ పుట్టినరోజు నేను పెట్టిందేరా అని భుజం తట్టేవారు. ఆ మాటకు పిల్లల మొహాలు వెలిగిపోయేవి.

2025 శ్రావణంలో ఒక పెండ్లి. ఊరి చివరి గుడిసెల్లో ఉండే కుటుంబం. తల్లిదండ్రులు బొంబాయి నుంచి పెండ్లి కోసమే వచ్చారు, మళ్లీ పోవాలి. పిల్లను సాకింది అవ్వ. నెల ముందే కాగితాలు తెచ్చి చూపించారు. పిల్లగాడు తాండూరులో నాపరాయి పాలిషింగు యూనిట్‌లో పనిచేస్తాడు, తాగుడు లేదు, సారు విచారించారు. కట్నం లేదు. కల్యాణలక్ష్మికి దరఖాస్తు పెట్టుకుంటామన్నారు. 2014 అక్టోబరులో 51 వేలతో మొదలైన ఆ పథకం ఇప్పుడు 1,00,116 రూపాయలు. పిల్లకు పద్దెనిమిది నిండితేనే ఇస్తారు. ఈ షరతుతో మా వైపు కొన్ని పెండ్లిళ్లయినా రెండేండ్లు వెనక్కి జరిగాయి. మంచి షరతు.

ముందు రోజు సాయంత్రం నేనూ సారు వెంట వెళ్లాను. సన్నటి పిల్ల. ఇంటర్ అయిపోయింది. వేపచెట్టు కింద సారు చాలాసేపు ఆమె మొహంలోకి చూసి, “నువ్వు మీ అక్క గౌను పట్టుకొని పళ్లెంతోటి వచ్చేదానివి గదా” అన్నారు. పిల్ల నవ్వింది. 2012 జూన్‌లో బడిబాటకు ఆ గుడిసెలకు పోయిన సంగతి సారు మాకు చెప్పుకొచ్చారు. అప్పటికి అక్కడ అంగన్‌వాడీ లేదు. పెద్దవాళ్లు కూలికి పోతే చిన్నవాళ్లకు పగటి పూట మెతుకు లేదు. అక్కతోబాటు ఈ పిల్ల కూడా మధ్యాహ్న భోజనం వరుసలో కూర్చునేదట. వంటామె గుడ్డు ఇవ్వాలా వద్దా అని సారు మొహం చూసేదట. సారు ఆ పిల్ల పేరు కూడా ఒకటో తరగతి రిజిస్టరులో ఎక్కించేశారు. బాగా చదివింది, లెక్కల్లో చురుకు అని కూడా అన్నారు.

నీకిష్టమేనా బిడ్డా అని అడిగారు. పిల్ల టక్కున, “ఎస్సార్” అంది, హాజరు పలికినట్టే. అమ్మగారు ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంకోసారి అడిగారు. “ఇష్టమే మేడం. అవ్వకు చాతనయితలేదు” అంది.

సారు కాగితాలు ఇంకోసారి చూశారు. ఆధార్, టీసీ, పదో తరగతి మెమో. మూడింట్లోనూ ఒకటే తేదీ, 5-6-2007. కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ఒక్కో అంకె మీద వేలు పెట్టి చదవడం ఆయన అలవాటు. పద్దెనిమిది నిండి రెండు నెలలు. నోటు బుక్కులో వయసు గడిలో 18 అని రాసి పక్కన టిక్కు పెట్టారు.

మర్నాడు పెండ్లి మంచిగా జరిగింది. వానపడి వెలిసింది. సారు గోరా కూతురి పెండ్లి ముచ్చట చెప్పారు. మూడు మాటలు పలికించారు. పుస్తె పడింది. ఏడో అడుగు దగ్గర పిల్ల పట్టుచీర కుచ్చెళ్లు తట్టుకుని తూలితే పిల్లగాడు చెయ్యి వదల్లేదు, పందిరంతా చప్పట్లు కొట్టింది. తలంబ్రాలయ్యాయి. సాక్షుల సంతకాలకు సారు నోటు బుక్కు తెరిచారు. పిల్ల తండ్రి సంతకం పెట్టాడు. అవ్వ వేలిముద్ర వేసింది. వేసి, సిరా అంటిన వేలు కొంగుకు తుడుచుకుని, ఇంకో చేత్తో సారు కాళ్లకు మొక్కబోయింది. సారు వద్దవ్వా అని పట్టి లేపారు. ఆమె కండ్లనిండా నీళ్లు.

“మొక్కనియ్యి సారూ. తుంగభద్ర పుష్కరాలప్పుడు పుట్టిన పోరి ఇది, 2008ల. దీనికి బువ్వ దొరకాలని గప్పుడు నువ్వు ఏడాదిన్నర ఎక్కువ రాసి బల్లె ఏసుకుంటివి. గా దయ ఊకెనే పోలె. గట్ల రాయకుంటే, ఇగో, ఇంకో ఏడాదిన్నర దాక నువ్వే గీ పెండ్లి కానియ్యకపోతుంటివి.”